గుమ్మడికాయకు రెండో వేలం

ఫిబ్రవరి 9

వకీలు ఫోన్ చేశాడు. ఏప్రిల్ ఇరవై ఒకటిన ఆఖరి వాయిదా. ఇద్దరం వెళ్లి జడ్జి ముందు నిలబడి, అవును మా ఇద్దరికీ ఇష్టమే అంటే చాలట. "పది నిమిషాల పని మేడం, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురం. పెళ్లికి మాత్రం రెండు పూటలు పట్టింది. మైకు పలకకపోతే పెళ్లికొడుకే పీట మీద నుంచి లేచివెళ్లి వైరు సరిచేసి వచ్చాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఈ వకీలు కారణం అడిగాడు. తాగుతాడా? తాగడు. కొడతాడా? దోమను కూడా చూసి వదిలేస్తాడు. ఇంకెవరైనా ఉన్నారా? ఆ మనిషికి నాతో మాట్లాడడానికే మాటలు దొరకవు, ఇంకొకరితో ఏం మాట్లాడతాడు? చివరికి వకీలే "అభిప్రాయ భేదాలు" అని రాసుకున్నాడు. మా మధ్య అభిప్రాయాలే లేవు, భేదాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఆనంద్ దసరా నుంచి మొయినాబాద్‌లో కిరాయి గదిలో ఉంటున్నాడు. పనిచేసే పూల షెడ్లు అక్కడికి దగ్గర, అందుకని అని చుట్టాలకు చెప్పాం. విడాకుల మాట ఎత్తింది నేను. కాగితాలు ముందు పెట్టింది నేను. ఎందుకు అని ఒక్క మాట అడుగుతాడేమోనని చూశాను. జేబులోంచి పెన్ను తీశాడు, సంతకం పెట్టాడు, పెన్ను మళ్లీ జేబులో పెట్టుకుని, "తిన్నవా?" అన్నాడు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లైన నాటి నుంచి ఆ మనిషి నాతో ఏ సంగతి మొదలుపెట్టినా ఆ మాటతోనే. అమ్మను సమాధి చేసి వచ్చిన రోజు కూడా అదే అడిగాడు. ఇప్పుడు కూడా రోజూ పొద్దుగూకేసరికి మొయినాబాద్ నుంచి ఫోన్ వస్తుంది. తిన్నవా? తిన్న. సరే. పెట్టేస్తాడు. విడాకులు తీసుకోబోయే మనిషికి నా తిండితో ఏం పని?

పిల్లలు లేరు. వాళ్ల కోసం తిరిగిన దవాఖానల పేర్లు కూడా మరిచిపోయాను. కాబట్టి మేం విడిపోతే మా ఇద్దరికి తప్ప ఎవరికీ నష్టం లేదు. మా ఇద్దరికైనా ఉందో లేదో తెలియదు.

ఫిబ్రవరి 12

తొమ్మిదో తరగతికి జడత్వం చెప్పాను. బయటి నుంచి ఏ బలమూ తగలకపోతే ఆగింది ఆగే ఉంటుంది, కదిలేది కదులుతూనే ఉంటుంది. ఉదాహరణ చెప్పమన్నారు. బస్సు అని చెప్పాను.

ఫిబ్రవరి 17

రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ చదవరు కదా, రాస్తాను.

సాయంత్రం స్కూలు అయ్యాక, మొయినాబాద్ పక్క ఊరు హిమాయత్‌నగర్ నుంచి అంతయ్య షేర్ ఆటోలో చేవెళ్లకు వస్తున్నాను. రోడ్డు వెడల్పు చేస్తున్నారు కదా, మా ముడిమ్యాల దగ్గర "దారి మళ్లింపు" బోర్డు పెట్టి పొలాల మధ్య మట్టి బాటలోకి తోలుతున్నారు. ఆ బాటలో టైరు పంక్చరైంది. దుమ్ములో నిలబడలేక నేను మెల్లగా ముందుకు నడిచాను. మలుపు తిరిగి రోడ్డెక్కితే అది నాకు తెలిసిన రోడ్డు కాదు. ఒక్క బస్సు పట్టేంత సన్నగా ఉంది. టిప్పర్లు లేవు, ప్లాట్ల బోర్డులు లేవు, రిసార్టుల గేట్లు లేవు. పక్కన మా ఊరి పాత చర్చి ఉంది. కూలగొట్టి టైల్స్‌తో కొత్తది కట్టకముందు ఉన్న పెంకుల చర్చి. గంట మోగుతోంది. తాడు లాగుతున్నది మా బాపు.

బాపు పోయి ఎన్నో ఏళ్లయింది.

నేను కేకలు వేయలేదు, మూర్ఛపోలేదు. అంత ఓపిక నాకెక్కడిది? రోడ్డు పక్క కంకర కుప్ప మీద కూర్చుని చూశాను. బాపు మీసం నల్లగా ఉంది. గేటుకు అంటించిన సువార్త సభల పోస్టరు మీద 1998 అని ఉంది. కొంగు సర్దుకుంటూ అమ్మ వచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోయింది. అమ్మ నాకంటే చిన్నది. ఏడుపు రాలేదు. ఈ పిల్లకు ఇంకా నడుము నొప్పి మొదలుకాలేదు అనుకున్నాను.

వచ్చిన బాటనే వెనక్కి నడిచాను. అంతయ్య ఇంకా బోల్టులు విప్పుతున్నాడు. "గింతల్నే వచ్చిన్రా మేడం? ఐదు నిమిషాలు, అయిపోతది," అన్నాడు.

ఫిబ్రవరి 18

ఎండదెబ్బ. ఫిబ్రవరిలో కూడా తగులుతుంది.

ఫిబ్రవరి 24

ఎండదెబ్బ కాదు. మూడుసార్లు వెళ్లాను.

మట్టి బాట రాగానే "ఆపు అంతయ్యా, ఇప్పుడే వస్త" అని దిగుతాను. ఆటోలో వాళ్లంతా మర్యాదగా ఇంకో దిక్కు చూస్తారు. అక్కడ ఎంతసేపు ఉన్నా ఇక్కడ ఐదు నిమిషాలు కూడా గడవదు. ఇవాళ అంతయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"మేడం, ఏమనుకోకుండ్రి. షుగర్ చెక్ చేయించుకున్రా? మా ఇంటిదానికి గిట్లనే ఉండె. రోజు పొద్దున కాకరకాయ రసం తాగుండ్రి, మొత్తం కంట్రోల్‌కు వస్తది."

తాగుతానన్నాను. ఫిజిక్స్ చెప్పే మనిషిని, నిజానికి కారణం వెతకాలి. కారణం వెతకడం కంటే షుగరని ఒప్పుకోవడం తేలిక.

ఒకటి మాత్రం తెలిసింది. నేనిక్కడ రోజు విడిచి పోయినా, రెండు రోజులు విడిచి పోయినా, అక్కడ తర్వాతి ఆదివారమే. అక్కడ సోమవారాలు లేవు. అందుకే కాబోలు అందరి ముఖాలూ అంత కళగా ఉన్నాయి.

మార్చి 2

ఇవాళ చర్చి లోపలికి వెళ్లాను. ఆడవాళ్ల వైపు చాప చివర కూర్చున్నాను. సాముయేలు అయ్యగారు ప్రసంగం ఆపి మరీ, "మన మధ్యకు పట్నం నుంచి ఒక సహోదరి వచ్చిండ్రు. స్త్రీల సమాజం తరఫున గావచ్చు. అక్కగారు లేచి రెండు మాటలు సాక్ష్యం చెప్తరు," అన్నారు. నా చేతి సంచీ, కళ్లద్దాలూ చూసి అలా అనుకున్నట్టున్నారు. లేచాను. పేరు గీతాంజలి అన్నాను. అది మా స్కూల్లో లెక్కల టీచరు పేరు. "టీచర్‌ను. ఇంత దూరం వస్తనని నేను అనుకోలే. మీ అందరిని చూసినందుకు సంతోషం," అని కూర్చున్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

ఆరాధన అయ్యాక ఒక పిల్ల వచ్చి పక్కన నిలబడింది. రెండు జడలు, సరిగా కలవని పౌడరు, ఎవరి మాటా పూర్తిగా వినని ముఖం. ఎక్కడో చూశానే అనుకున్నాను. నేనే. ఇంటర్ రెండో సంవత్సరం జ్యోతి.

"ఆంటీ, మీ చీర మస్తున్నది. ఏడ కొన్నరు?"

"చేవెళ్లల."

"అబద్ధం. చేవెళ్లల గిసొంటియి దొరకయి."

నాతో వాదించి నేనే ఓడిపోయాను.

"మీ సారు రాలేదా ఆంటీ?"

"రాలే. పనికి పోయిండు."

"ఏం పని?"

"పూలు పెంచుతడు. గులాబీలు, జర్బెరాలు."

పిల్ల రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "పూలా! ఏం నసీబు ఆంటీ మీది! రోజు ఇంటికి తెస్తడా?"

తెచ్చేవాడు. అమ్ముడుపోనివి బకెట్టు నిండా తెచ్చి వంటింట్లో పెట్టేవాడు. ఇవన్నీ ఎక్కడ సర్దను, రేపు వాడినవన్నీ ఎవరు ఎత్తాలి అని ఒకరోజు అన్నాను. ఆ తర్వాత తేలేదు.

"తెస్తడు," అన్నాను.

మార్చి 5

ఆనంద్ వచ్చాడు, దుప్పటి తీసుకుపోవడానికి. వంటింట్లో నల్లా కారుతుంటే అడగకుండానే వాషర్ మార్చాడు. ఒకసారి నా ముఖం వైపు చూసి కళ్లు దించుకున్నాడు. అద్దాలు పెట్టుకున్నప్పటి నుంచి, అంటే రెండేళ్లుగా, ఇంతే. ఉన్న కాస్త మాట కూడా అప్పటి నుంచే ఎండిపోయింది. అద్దాల్లో ముసలిదానిలా కనిపిస్తున్నానేమో. కనిపిస్తే కనిపించాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి అడిగాడు. ఏమడిగాడో రాయను.

మార్చి 8

అలసటగా ఉంది. పనేం లేదు, అయినా.

మార్చి 15

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఎండలో మట్టి బాట దగ్గర దిగి, మలుపు తిరిగేసరికి చలి. ఇప్పుడు సంచీలో శాలువా పెట్టుకుని వెళ్తున్నాను. ఎండాకాలంలో శాలువా చూసి స్కూల్లో గీతాంజలి కూడా షుగరేనా అని అడిగింది.

ఇవాళ అక్కడ ఆనంద్‌ను చూశాను. ఇన్నిసార్లు వెళ్లి కూడా అతన్ని చూడకుండా తప్పించుకున్నాను, ఆ మాట ఇక్కడైనా ఒప్పుకోవాలి. చర్చి వెనక మెట్ల మీద మైకు సెట్టు విప్పుకుని కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు. ఎంత జుట్టు! ఆ మనిషికి అంత జుట్టు ఉండేదన్న సంగతే మరిచిపోయాను. చూస్తూ నిలబడిపోయాను. గుండె కొట్టుకుంది. నా వయసుకు అది బీపీ కూడా కావచ్చు.

"ఆంటీ, మీరు టీచరంట గద. ఒకటి అడుగుత, ఎవలకు చెప్పొద్దు."

"చెప్పు."

"ఒక అమ్మాయి ఉన్నది. మాట్లాడుదమని దగ్గరికి పోత. పోయినంక ఏం మాట్లాడాల్నో సమజ్ కాదు. మైకుల హలో హలో అనుడు తప్ప నాకు ఇంకేం రాదు."

ఆ అమ్మాయి ఎవరని అడగలేదు. చర్చి ముందు ఎవరితోనో గొడవ పడుతున్న జ్యోతి గొంతు మా దాకా వినిపిస్తోంది. విన్నప్పుడల్లా ఇతని చెవులు ఎర్రబడుతున్నాయి.

ఇరవై రెండేళ్లు నోరు తెరవని మనిషి, నోరెలా తెరవాలో నన్నే అడుగుతున్నాడు. ఎన్ని చెప్పవచ్చు! ఆమె ఏం చదువుతోందో అడుగు. దేనికి భయపడుతుందో అడుగు. ఆమె అలిగితే ఎందుకు అని అడుగు, చెప్పేదాకా అడుగు. ఇవన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. కానీ పొద్దున్నించి నేనేమీ తినలేదు, తల తిరుగుతోంది, పాఠం చెప్పే ఓపిక లేదు.

"తిన్నవా అని అడుగు," అన్నాను. "ఒక్కొక్కసారి ఎవలన్న గంత మాట అడిగితే చాలనిపిస్తది."

"గంతేనా?"

"గంతే. రోజు అడుగు. మర్చిపోకు."

అతను పెదవులు కదుపుతూ రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు, పిల్లలు ఎక్కాలు బట్టీ పట్టినట్టు.

ఆటోలో కూర్చున్నాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

సాయంత్రం ఫోన్ వచ్చింది. "తిన్నవా?" అన్నాడు. నవ్వు మొదలైంది, ఆగలేదు. నవ్వీ నవ్వీ వంటగట్టు పట్టుకుని కింద కూర్చున్నాను. అటువైపు ఫోన్ పెట్టేయలేదు. నేను కళ్లు తుడుచుకునే దాకా ఉండి, "సరే," అన్నాడు.

మార్చి 16

పక్కటెముకలు నొప్పి.

మార్చి 22

అక్కడ వచ్చే ఆదివారం కోత పండుగ. అయ్యగారు ప్రకటించారు. ఈ సంగతి వినాలనే ఇన్నాళ్లూ వెళ్తున్నానేమో.

మా చర్చిలో కోత పండుగ అంటే ప్రతి ఇంటి నుంచి తొలి పంట తెస్తారు. జొన్న కంకులు, టమాటలు, క్యారెట్, కోళ్లు, ఏది ఉంటే అది. ఆరాధన అయ్యాక చెట్ల కింద బల్ల వేసి వాటిని వేలం వేస్తారు. పాడుకున్నది ఇంటికి తీసుకుపోవచ్చు. లేదంటే "మళ్లీ దేవునికే" అని బల్ల మీద పెట్టేస్తే ఇంకోసారి వేలం వేస్తారు. పెద్దరికం ఉన్నవాళ్లు అలాగే చేస్తారు. నిమ్మకాయ మేక ధర పలికేది అందుకే.

ఇంకొక పద్ధతి ఉంది, దాని గురించి అయ్యగారు ప్రకటించరు. పెళ్లికాని పిల్లాడు ఒక పిల్ల ఇంటి గుమ్మడికాయను పాడుకుని ఇంటికి పట్టుకుపోయాడంటే, మరుసటి వారం వాళ్లమ్మ ఆ కాయతోనే కూర వండుకుని గిన్నెతో ఆ పిల్ల ఇంటికి వస్తుంది. గిన్నె తీసుకుంటే మాట కలిసినట్టే. ఆనంద్ మా గుమ్మడికాయను పాడుకున్నది ఈ పండుగలోనే. అత్త గిన్నె తెచ్చింది, అమ్మ తీసుకుంది. నా బీఎడ్ అయ్యేదాకా ఆగి పెళ్లి చేశారు. ఆ గుమ్మడికాయ కథ చుట్టాల్లో ప్రతి క్రిస్మస్‌కూ ఒకసారి చెప్పుకుంటారు. అప్పట్లో ఎవరో పట్నపామె పోటీ పడిందని కూడా చెప్తారు. ఎవరామె అని నేనెప్పుడూ అడగలేదు.

ఆరాధన అయ్యాక అమ్మ నన్ను ఇంటికి పిలిచి జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. తిన్నాను. అది మా అమ్మ చేతి వంట. ఇంకేం రాయను దాని గురించి.

"అక్కా, మీరు నాకంటె పెద్దోళ్లు, లోకం జూసినోళ్లు," అంది అమ్మ. "మా పిల్ల నోరు మీరు జూసిండ్రు గద. దానికి మాటకారి మొగడు దొరికిండనుకో, ఇల్లు సంతైతది. నోట్ల నాలుకె లేనోడు గావాలె."

"నాలుకె లేనోడు దొరికితే పిల్ల ఎవరితోని మాట్లాడాలె విమలమ్మా?"

అమ్మ నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. "ఇనేటోడు ఒకడుండాలె గద అక్కా," అంది.

మార్చి 24

నేను పాడుకుంటే?

అతని కంటే ఎక్కువ పాడి ఆ గుమ్మడికాయ నేనే పట్టుకొస్తే, అత్త గిన్నె తేదు. మాట కలవదు. జ్యోతి ఇంకెవరినో చేసుకుంటుంది. ఆనంద్ వాగుడుకాయ కాని ఇంకో పిల్లను చేసుకుంటాడు, ఇద్దరూ హాయిగా నోరు మూసుకుని బతుకుతారు. పిల్లలు కూడా పుడతారేమో. మాకు లేరు కాబట్టి పుట్టకుండా పోయేవాళ్లు ఎవరూ లేరు. కోర్టు అక్కర్లేదు. వకీలు అక్కర్లేదు. ఇంత అలసట అక్కర్లేదు.

అతనికీ మంచిదే. ప్రధానంగా అతని కోసమే.

మార్చి 27

అక్కడ చెల్లే డబ్బు కావాలి కదా. అమ్మ బియ్యం డబ్బాలో దాచిన పాత ఐదొందల నోట్లు ఉన్నాయి. నోట్లు రద్దయ్యాక గానీ మాకు దొరకలేదు. పారేయలేక బైబిల్లో పెట్టాను. అమ్మ బతికి ఉన్న కాలంలో అవి చెల్లుతాయి.

ఆనంద్ ఫోన్ చేశాడు. తిన్నానని చెప్పాను. పెట్టేసే ముందు ఎందుకో, "నువ్వు?" అన్నాను. అటువైపు ఏదో గిన్నె కింద పడిన చప్పుడు వినిపించింది.

ఏప్రిల్ 4

వెళ్లాను. వరసగా రాస్తాను.

చెట్ల కింద బల్ల, దాని వెనక బాపు. మా చర్చిలో వేలం వేసేది ఎప్పుడూ బాపే, ఆ గొంతుకు అసలు మైకు అక్కర్లేదు. అయినా మైకు ఉంది, దాన్ని పట్టుకుని పక్కన ఆనంద్ ఉన్నాడు. ముందు కోళ్లు పోయాయి, అందులో ఒకటి తాడు తెంపుకుని అయ్యగారి కుర్చీ కిందికి పోయింది. తర్వాత కంకులు, టమాటల గంప. ఆ తర్వాత జ్యోతి గుమ్మడికాయ తెచ్చింది. దానికి తన జడ రిబ్బను కట్టింది సిగ్గులేకుండా. నేనే కట్టానని ఇన్నేళ్లూ గుర్తులేదు.

"పౌలు ఇంటి గుమ్మడికాయ! ఎవలు పాడుతరు?" అన్నాడు బాపు, తన పేరు తనే చెప్పుకుంటూ.

ఆనంద్ మైకు కింద పెట్టడం మరిచిపోయి వేలం పాట మొదలుపెట్టాడు. "హలో, యాభై," అన్న మాట ముడిమ్యాల మొత్తం వినబడింది. జనం పకపకా నవ్వారు. నేను వంద అన్నాను. అతను నా వైపు చూసి నూట యాభై అన్నాడు. నేను ఐదొందలు అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. బాపు కాయను ఒకసారి తిప్పి చూశాడు. "అక్కగారూ, గుమ్మడికాయనే గద మనం మాట్లాడుతున్నది?"

"అవును, గుమ్మడికాయనే."

ఆనంద్ జేబులు తడుముకున్నాడు. వాళ్లమ్మ వైపు చూశాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. మైకులో ఊపిరి తీసుకోవడం మాత్రం వినిపించింది. నేను ఆ ముఖం చూడకుండా ఉండాల్సింది. బాపు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కాయ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "దేవుడు మిమ్ములను దీవించును గాక," అన్నాడు. బాపు చేతి వేళ్లు నా చేతికి తగిలాయి. నా పని అయిపోయింది. ఇక వెనక్కి తిరిగి మట్టి బాటలోకి నడిచిపోవడమే.

"మళ్లీ దేవునికే," అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. పట్నం అక్కగారి పెద్దమనసుకు స్తోత్రమని అయ్యగారు లేచి నిలబడ్డారు. చిన్నప్పటి నుంచి బాపు మాకు నేర్పిన మర్యాద అది. చేతిలోకి తీసుకుంటే నోట్లోంచి ఆ మాట దానంతటదే వస్తుంది. బాపు కాయను మళ్లీ బల్ల మీద పెట్టాడు. ఆనంద్ ఈసారి మైకు కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి, "యాభై!" అని అరిచాడు. నేను నోరు తెరవలేదు. ఎవరూ తెరవలేదు.

రోడ్డు దాకా వచ్చాక వెనక నుంచి చెప్పుల చప్పుడు. గుమ్మడికాయ చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఆంటీ, నేనేం తప్పు చేసిన? నా మీద ఎందుకు పాడిన్రు?"

"ఆ పిల్ల వద్దు నీకు."

"ఎందుకు?"

ఎందుకు అని అడగడం అతనికి వచ్చు. అప్పట్లో వచ్చు.

"ఒకనాడు ఆమెకే నువ్వు వద్దనిపిస్తది. ఆమెనే కాగితాలు తెచ్చి నీ ముంగట పెడ్తది."

"మీకెట్ల తెలుసు?"

"తెలుసు. చూసిన."

తల వంచుకున్నాడు. కాయను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. నేను చెప్పింది నిజమేనని నమ్మినట్టే ఉంది, పెద్దవాళ్లు ఏం చెప్పినా నమ్మే మనిషి. "అప్పటిదాకనన్న ఉంటది గద ఆంటీ," అన్నాడు.

ఆటో ఎక్కాక ఏడ్చాను. అంతయ్య అద్దంలో చూసి, షుగర్ ఉన్నోళ్లకు మనసు గిట్లనే ఐతదని ఆటోలో అందరికీ చెప్పాడు.

ఏప్రిల్ 5

అలవాటు కొద్దీ అన్నాను. నోరు జారింది.

ఏప్రిల్ 6

అలవాటే.

ఏప్రిల్ 11

రోడ్డు పని అయిపోయింది. మట్టి బాటకు అడ్డంగా మొరం మట్టి పోశారు. ఆటో కొత్త తారు మీద ఎక్కడా ఆగకుండా పోయింది. "ఇప్పుడు ఎట్లున్నది మేడం, తగ్గిందా?" అన్నాడు అంతయ్య. తగ్గిందన్నాను. "నేను చెప్పలే! కాకరకాయ!"

మొరం మీదుగా నడిచి చూద్దామనుకున్నాను. చూడలేదు.

ఏప్రిల్ 20

రేపే. విడాకులకు ఏ చీర కట్టుకోవాలో తెలియక బీరువా ముందు నిలబడ్డాను.

ఎందుకు అని ఒక్కసారి అడిగితే చెప్తాను. ఏం చెప్తానో తెలియదు. అడిగితే మాత్రం చెప్తాను.

ఏప్రిల్ 21

నేను వెళ్లేసరికి ఆనంద్ కోర్టు వరండాలో బెంచీ మీద ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వకీలు మా ఇద్దరికీ నమస్కారం పెట్టి, "పిలుస్తరు, కూసోండ్రి. అవునంటే చాలు," అని లోపలికి పోయాడు.

పక్కన కూర్చుని, అతను అడగక ముందే "తిన్న," అన్నాను.

అతను తల ఊపాడు. తర్వాత నా వైపు తిరిగి నా ముఖాన్ని చూశాడు. ఈసారి కళ్లు దించుకోలేదు.

"పోయొచ్చినవా?" అన్నాడు.

"ఏడికి?"

"ముడిమ్యాలకు. కోత పండుగకు."

బెంచీ అంచు పట్టుకున్నాను. వరండాలో ఎవరో టీ అమ్ముకుంటూ పోతున్నారు.

"పోయొచ్చిన," అన్నాను.

"ఎట్ల పోయినవ్?"

"అంతయ్య ఆటోల."

అర్థమైనట్టే తల ఊపాడు.

"నీకు ఎప్పటి సంది తెలుసు?"

"నువ్వు అద్దాలు తెచ్చుకున్ననాటి సంది. దుకాణంల పెట్టుకుని, ఇటు తిరిగి, ఎట్లున్నయని అడిగినవ్ గద. గప్పుడు గుర్తువట్టిన. గా ఆంటీవి నువ్వే."

"మరి నాకు చెప్పలే."

"ఏమని చెప్పాలె? గంత దూరం పోయి మరి నన్ను వద్దంటివి. గంత కష్టపడి వద్దన్న మనిషిని ఆపుడు తప్పనిపించింది. ఏ దినం కాగితాలు తెస్తవో అని జూసిన. తెచ్చినవ్. ఎందుకని అడుగుడేంది, నువ్వే చెప్పి ఉంటివి గద. అప్పటిదాక ఉన్నవ్. నాకు గది చాలు జ్యోతి."

ఆ మనిషి ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడడం నేను వినడం అదే మొదలు. కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. రెండేళ్లు ఆ మాటను ఒక్కడే కడుపులో పెట్టుకుని, నా కోసం నల్లాలు బాగుచేస్తూ తిరిగాడు.

"మరి గుమ్మడికాయ తిరిగి ఇచ్చింది ఎవలు?"

"అలవాటు కొద్ది ఇచ్చినవ్. మీ బాపు నేర్పిన మర్యాద. నోరు జారిందనుకున్న."

లోపలి నుంచి మా ఇద్దరి పేర్లు పిలిచారు. వకీలు గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపుతున్నాడు.

"జారలే," అన్నాను. "ఇచ్చిన. నీకే ఇచ్చిన."

రెండోసారి పిలిచారు. అతను లేవలేదు. నేనూ లేవలేదు.